చదును గీత

ముప్పై ఏళ్ళు నేను చేసింది ఒకటే పని: చెవి పరీక్ష యంత్రాలకు పంపులు బిగించి సరిచూడడం. చెవి రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూస్తారు. యంత్రం చెవిలోని గాలి పీడనాన్ని పెంచి, తగ్గిస్తుంది. కర్ణభేరి కదిలితే కాగితం మీద కలం కొండలా గీస్తుంది.

మా కర్మాగారంలో పరీక్షకు చెవులుండవు, రంధ్రం తొలిచిన ఉక్కు దిమ్మ ఉంటుంది. ఉక్కు కదలదు, గీత చదునుగా వస్తుంది. అలా వస్తే యంత్రం మంచిదని సంతకం పెట్టేవాణ్ణి.

జూన్ చివర నా భార్య థూరాకు కుడి చెవి దిబ్బడ వేసింది. మా ఊరి చెవి పరీక్ష కేంద్రానికి తీసుకెళ్ళాను. అక్కడి అమ్మాయి సోల్వై ఎడమ చెవికి బిరడా పెట్టింది. కొండ వచ్చింది. కుడి చెవికి చదును గీత.

"కదలకండి థూరా గారూ, ఇంకోసారి తీస్తాను."

"నేనెక్కడ కదిలానే పిల్లా? ఊపిరి కూడా తీయట్లేదు."

మళ్ళీ చదునే.

సోల్వై నా వైపు తిరిగింది. "లోపల నీరు చేరిందండీ. ఈ వయసులో, అదీ ఒక్క చెవికే అంటే ముక్కు వెనక కూడా చూడాలి. ఓడెన్సెలో పెద్దాసుపత్రికి చీటీ రాస్తాను."

"నీరూ లేదు, గీరూ లేదు. బిరడా గోడకు ఆనుకుంది. ఉక్కు మీద ఇలాగే వస్తుంది."

"ఆనుకుంటే లోపలి ఖాళీ కొలత అంకె తక్కువ చూపించాలి కదండీ. సరిగ్గానే చూపిస్తోంది."

"అయితే అంకె తప్పు. దీన్ని బిగించింది నేనమ్మా, నాకు తెలియదా? సరిచేసి తెస్తాను. మళ్ళీ తీసి, అప్పుడు రాద్దువుగాని."

థూరా నవ్వింది. "వంటింట్లో కుళాయి కారుతోందంటే ఆరు నెలలు పట్టింది ఈయనకి. నా చెవికి ఎన్నేళ్ళో!"

సోల్వై కలం మూత పెట్టేసింది.

యంత్రం నా బల్ల మీదకు చేరేసరికి వేసవి సెలవులొచ్చాయి. జూలైలో మూడు వారాలు కర్మాగారానికి తాళమే. మేం సముద్రం ఒడ్డున మా చెక్క ఇంటికి వెళ్ళాం. పొగబెట్టిన హెర్రింగ్ చేప, కొత్త బంగాళాదుంపలు తిన్నాం. ఏం చెప్పినా ఆమె ఎడమ చెవి తిప్పేది. మూడో వారం తలగుడ్డ కట్టుకుంటుంటే చెవి కింద మెడ మీద గడ్డ కనిపించింది.

"దోమ కుట్టిందేమో," అంది.

"దోమే," అన్నాను.

ఆగస్టులో యంత్రాన్ని ఉక్కు దిమ్మకు తగిలించాను. గీత చదునుగా, అందంగా వచ్చింది. అంకె కూడా సరిగ్గా ఉంది. తనిఖీ ఫారం నింపి, థూరాను వెంటబెట్టుకుని యంత్రాన్ని తిరిగి మోసుకెళ్ళాను. సోల్వై ఒక్కసారే తీసింది. నా మొహం చూడకుండా చీటీ రాసింది.

ముక్కు వెనక పుట్టిన కంతి అక్కణ్ణుంచి చెవికి వెళ్ళే గొట్టాన్ని మూసి, మెడలోకి దిగిందన్నారు ఓడెన్సెలో. ముందే వస్తే బతికేదా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేమన్నాడు. శీతాకాలమంతా ఆమె మంచం పక్కన కూర్చున్నాను. బిగించడానికి ఏమీ లేదు. గ్లాసులో నీళ్ళు మార్చేవాణ్ణి, ఆమె తాగలేకపోయినా. మార్చిలో పోయింది.

చర్చి ఆవరణలో పాతిపెట్టాక సోల్వై చేయి చాచింది. నా చేతులు జేబుల్లోనే ఉంచాను. తనకు తెలుసు. నన్ను నోరు మూసుకోమని చెప్పి, చీటీ ఆ రోజే రాయాల్సింది. సోల్వైని క్షమించలేదు, క్షమించను.

ఆగస్టులో నింపిన ఆ తనిఖీ ఫారం నకలు నా దగ్గరుంది. లోపం: ఏమీ లేదు. కింద నా సంతకం.