బుడగ ఉంటే స్ప్లీన్

కంప్యూటరు వచ్చిన రోజున డిపార్ట్‌మెంటులో కొబ్బరికాయ కొట్టారు. తెరకు మూడు బొట్లు పెట్టారు. హారతి పొగ దానికి తగలకుండా హెడ్ పట్టాభి గారు స్వయంగా పక్కన నిలబడి ఫైలుతో విసిరారు. కన్నతల్లికైనా అంత భక్తిగా విసిరి ఉండరు ఆయన. అది 1987. పుదుచ్చేరి వైట్ టౌన్‌లో, సముద్రానికి కాస్త ఇవతల, ఫ్రెంచివాళ్లు వదిలిపోయిన పాత భవనంలో ఉండేది ఆ మెడికల్ కాలేజీ అనాటమీ విభాగం. ఆ ఉప్పుగాలికి తలుపుల బందులే తుప్పుపట్టి రాలిపోతాయి. కంప్యూటరుకు ఏసీ లేకపోతే కుదరదన్నారు. స్టెబిలైజరు తట్టాంచావడి ఫ్యాక్టరీల్లో చేయించారు గానీ ఏసీ చేయించలేరు కదా. మైక్రోస్కోపుల గదిలో ఉన్న ఏసీని ఊడదీసుకొచ్చి ఇక్కడ బిగించారు.

ఆ మైక్రోస్కోపుల గది విశాలాక్షిది. అంటే ఆమె సొంతమని కాదు. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో హిస్టాలజీ చెబుతోంది. శరీరంలోంచి తీసిన ముక్కను ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగు వేసి, గాజు పలక మీద అతికించి, ఇది లివరు, ఇది కిడ్నీ అని కంటితో పోల్చుకునే విద్య అది. పుస్తకం ఎంత చదివినా రాదు. చూసి చూసి కన్నుకు పట్టాలి.

విశాలాక్షి పెళ్లి చేసుకోలేదు. ఒర్లియంపేటలో అన్న ఆదికేశవులు ఇంట్లో ఉంటుంది. అన్నకు బజారులో ఇత్తడి సామాన్ల అంగడి. ఆయన కూతురు గిరిజను కని తల్లి పోతే, ఆ పిల్లను పెంచింది మేనత్తే. ఇప్పుడు గిరిజ అదే కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతోంది. విశాలాక్షికి ఉన్న ఆశల్లా ఒక్కటే. తన కన్ను ఆ పిల్లకు రావాలి. తన తర్వాత గాజు పలక చూసి, ఈ మనిషికి జబ్బుంది, ఈ మనిషికి లేదు అని ధైర్యంగా చెప్పగలిగేది గిరిజే కావాలి.

"మేడమ్, ఇక పిల్లలు ఒంటికన్ను మూసుకుని గొట్టాల్లోకి తొంగి చూడక్కర్లేదు. మీ స్లయిడ్లన్నీ తెర మీదికి ఎక్కించండి. దేశంలో ఎవరూ చెయ్యని పని" అన్నారు పట్టాభి గారు.

మైక్రోస్కోపు పైన ఒక కెమెరా పెట్టారు. కింద స్లయిడు పెడితే, తెర మీద బొమ్మ నిలబడిపోతుంది. దాన్ని ఫ్లాపీలో దాచుకోవచ్చు. విశాలాక్షికి మొదట్లో ఇష్టం లేదు. కానీ లివరు కణాలు అరచేతంత పెద్దవై తెర నిండా పరుచుకోవడం చూశాక ఆమెకు కూడా ముచ్చటేసింది. చేసే పనేదో బాగా చేద్దామని తన స్లయిడ్లలో మేలైనవి ఏరింది. పాత స్ప్లీన్ స్లయిడ్లు, అదే ప్లీహానివి, రంగు వెలిసిపోయాయి. కొత్తది చేయబోయేసరికి ప్రారంభోత్సవం నెత్తిమీదికి వచ్చింది. తొందరలో పైన మూసే పల్చటి గాజుబిళ్లను ఏటవాలుగా దించడానికి బదులు బల్లపరుపుగా వదిలేసింది. ఓ మూల గాలిబుడగ చిక్కుకుంది.

"ఇది తీసేసి మళ్లీ చేస్తా సార్."

"బుడగను ఎవరు చూస్తారు మేడమ్? రేపే రిబ్బను కత్తిరించేది!"

ఆమె కూడా ఎవరు చూస్తారులే అనుకుంది. స్ప్లీన్ బొమ్మ కుడిపక్క పైమూల, నల్లటి అంచుతో గుండ్రంగా, ఆ బుడగ శాశ్వతంగా నిలిచిపోయింది. కిడ్నీ బొమ్మలో ఒక మడత ఉండిపోయింది. లివరు మీద ఎక్కడిదో ఒక నూగు పడింది. గాజు పలకైతే కాస్త జరిపి పక్కన చూడొచ్చు. తెర మీద బొమ్మ జరగదు. ఎప్పుడు చూసినా అదే ముక్క, అదే మూల.

ఏసీ పోయిన గదిలో మైక్రోస్కోపుల కటకాలకు బూజు పట్టింది. విశాలాక్షి తుడిచింది, మళ్లీ పట్టింది. ఆమె రాసిన అర్జీలు పట్టాభి గారి బల్ల మీద పేపరువెయిటు కింద హాయిగా నిద్రపోయాయి. చివరికి మైక్రోస్కోపులన్నీ బీరువాలోకి వెళ్లాయి. పిల్లలు చెప్పులు బయట విడిచి, పదిమంది చొప్పున తెర ముందు నిలబడి బొమ్మలు చూసిపోయేవారు. వెనక వరసకు తెర కంటే ముందువాళ్ల జడో, చెవో ఎక్కువ కనబడేది. అక్కడ చల్లగా ఉండేది కాబట్టి హాజరు మాత్రం బ్రహ్మాండంగా ఉండేది.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒకరోజు గిరిజ చారన్నం కలుపుకుంటూ ఏదో గొణుగుతోంది. విశాలాక్షి శ్లోకమనుకుంది. చెవి ఒగ్గి విన్నది.

"బుడగ ఉంటే స్ప్లీను, మడత ఉంటే కిడ్నీ, నూగు పడితే లివరు, చీలిక ఉంటే నాలిక..."

"ఏందే అది?"

"హాస్టల్లో అందురూ ఇదే చదువుతా ఉండారు అత్తా. మా బ్యాచోళ్లే కట్టిన పాట. ఇది వస్తే సాలు, ఒక్క బొమ్మ కూడా తప్పు పోదు."

"బుడగ లేని స్ప్లీను వస్తే?"

"యాడ నుంచి వస్తుంది అత్తా? నువ్వు పెట్టిన బొమ్మలే కదా ఉండేది." గిరిజ నవ్వింది. "సుమ్మా, ఊరికే భయపడొద్దు. ఫస్టు మార్కు నాదే."

విశాలాక్షి కంచం పక్కకు జరిపింది. కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారు, అలా అయింది ఆమె పని. మర్నాడు హెడ్ గదికి వెళ్లి, పరీక్ష మైక్రోస్కోపుల మీద పెట్టమని అడిగింది. పట్టాభి గారు కుర్చీ చూపించలేదు.

"బూజు పట్టిన వాటి మీదా? మన రిజల్టు చూడటానికి కంప్యూటరుకు డబ్బిచ్చిన ఢిల్లీవాళ్లు కాచుకుని కూర్చున్నారు మేడమ్."

సొంత మేనకోడలు పరీక్ష రాస్తోంది కాబట్టి విశాలాక్షి మార్కులు వేయకూడదు. వేసేది మద్రాసు నుంచి వచ్చే చంద్రన్ గారు. కానీ బొమ్మలు ఎంచేది ఆమే. ఆమెకు మిగిలిన అధికారం అదొక్కటే. బీరువా తెరిచి, ఒక మైక్రోస్కోపును శుభ్రంగా తుడిచి కెమెరా కింద పెట్టింది. మడత లేని కిడ్నీ, నూగు లేని లివరు కొత్త ఫ్లాపీలోకి పట్టింది. ఆ తర్వాత థైరాయిడ్ ముక్క ఒకటి తీసింది. థైరాయిడ్‌ను ఒకసారి సరిగ్గా చూసినవాళ్లు జన్మలో మర్చిపోరు. చేతి గాజులు పక్కపక్కన పేర్చినట్టు గుండ్రటి గదులు, ఒక్కో గదిలో గులాబిరంగు జిగురు. దాని మీద గాజుబిళ్లను కావాలనే బల్లపరుపుగా వదిలింది. కుడిపక్క పైమూల బుడగ వచ్చేదాకా మళ్లీ మళ్లీ వదిలింది. గిరిజ దీన్ని చూసి ఆగాలి, ఒక్క క్షణం ఆలోచించాలి. ఆగితే చాలు, పిల్ల గట్టెక్కినట్టే. ఆగకపోతే పడాలి. పడితేనైనా మళ్లీ మొదటినుంచి నేర్చుకుంటుంది. అలా అని మనసుకు నచ్చజెప్పుకుంది.

పరీక్ష రోజున ఒక్కొక్కరే తెర ముందుకొచ్చారు. కొందరు మడత కోసం వెతికి, కనబడక బిక్కచచ్చిపోయారు. థైరాయిడ్ దగ్గర మాత్రం అందరి మొహాలూ విచ్చుకున్నాయి. హమ్మయ్య, బుడగ ఉంది!

గిరిజ వచ్చింది. తెర వైపు ఇలా చూసి అలా చెప్పేసింది.

"స్ప్లీన్, సర్."

"ఎలా చెప్పగలవు?" అడిగారు చంద్రన్ గారు.

గిరిజ గడగడా అప్పజెప్పింది. చుట్టూ దళసరి కవచం ఉందంది. నీలం గుంపులున్నాయంది, వాటి నడుమ ఎర్రటి మడుగులున్నాయంది. పుస్తకంలో ఉన్న మాట ఒక్కటి పొల్లుపోలేదు. తెర మీద వాటిలో ఒక్కటీ లేదు. లేనివన్నీ పిల్లకు కనబడుతున్నాయి. ఎదురుగా ఉన్న గులాబి గదులు మాత్రం కనబడలేదు. వెళ్తూ వెళ్తూ అత్త వైపు చూసి కళ్లతోనే నవ్వింది.

మధ్యాహ్నానికి బ్యాచిలో ముప్పావువంతు మంది మునిగారు. పట్టాభి గారికి చెమటలు పట్టాయి, అదీ ఏసీ గదిలో. చంద్రన్ గారినీ విశాలాక్షినీ పక్కకు పిలిచారు.

"ఫ్లాపీ పాడైంది సర్. సముద్రపు తేమ. బొమ్మలు తారుమారయ్యాయి" అన్నారు చంద్రన్ గారితో. "పాత ఫ్లాపీ ఉంది. మళ్లీ పెట్టిద్దాం."

చంద్రన్ గారు మూర్ఖులేమీ కారు. తెర వైపు చూశారు. విశాలాక్షి వైపు చూశారు.

"తయారు చేసింది మీరు. మీరు చెప్పండి మేడమ్. ఫ్లాపీ పాడైందా?"

ఒక్క మాట. "పాడైంది ఫ్లాపీ కాదు, పిల్లలు" అని అనాలి. అందుకోసమే కదా ఇంత చేసింది. ఆ మాటంటే కాలేజీవాళ్లకు బూజు దులిపి మైక్రోస్కోపులు ఇవ్వక తప్పదు. కానీ ఆ మాటంటే గిరిజ పరీక్ష తప్పుతుంది. అంగడిలో ఆదికేశవులు వచ్చేపోయే వాళ్లందరితో "మా పిల్ల డాక్టరు" అంటున్నాడు. గిరిజ నవ్వుతూ వెళ్లిన కళ్లు ఇంకా తన ఎదురుగానే ఉన్నాయి. పాలు పట్టి, జడలు వేసి, జ్వరమొస్తే పక్కలో వేసుకున్న పిల్ల. నిన్న చేతికి వచ్చిన ధైర్యం ఇవాళ నోటికి రాలేదు.

"అవును సర్" అంది విశాలాక్షి. "తేమే."

పాత ఫ్లాపీ పెట్టారు. బుడగ మళ్లీ స్ప్లీను మీదికి చేరింది. పిల్లలంతా ఒడ్డున పడ్డారు. గిరిజకు ఫస్టు మార్కు వచ్చింది.

ఆ సాయంత్రం ఆదికేశవులు హల్వా పొట్లం తెచ్చాడు. "ఏంది చెల్లీ, మొహం అట్ట పెట్టుకొనుండావు? పిల్ల గెలిచింది గదా!"

"పావం అత్తకు టెన్షన్ నాయనా. ఫ్లాపీ పాడైపోయిందంట" అంది గిరిజ. "నాకు అప్పుడే తెలుసు. నేను కరెక్టుగానే చెప్పినా."

విశాలాక్షి నోరు తెరిచింది. అన్న అందులో హల్వా పెట్టాడు. నీళ్లు తాగి మింగేసింది.

కాలేజీ వార్షికోత్సవానికి ఢిల్లీ నుంచి పెద్ద అధికారి వచ్చాడు. కంప్యూటరును వేదిక మీదికి ఎక్కించారు, ఏసీ లేకుండానే. "హిస్టాలజీలో మెడల్ ఎ. గిరిజ!" అని పట్టాభి గారు మైకులో పిలిచారు. గిరిజ పట్టుచీర సర్దుకుంటూ వెళ్లింది. తెర మీద స్ప్లీన్ బొమ్మ వచ్చింది. ఇదేమిటమ్మా అని అధికారి అడిగేలోపే ఆమె వేలు కుడిపక్క పైమూలకు వెళ్లింది, బుడగ దగ్గర ఆగింది.

"స్ప్లీన్, సర్."

"అరే! ఇంత తొందరగా ఎలా గుర్తుపట్టావు?"

గిరిజ మొదటి వరసలో కూర్చున్న అత్త వైపు చెయ్యి చూపించింది. ఆ మొహంలో ఉన్న ప్రేమలో ఇసుమంత కల్తీ లేదు.

"మా అత్త నేర్పించింది సర్."

హాలంతా విశాలాక్షి వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. పక్క కుర్చీలోని వాళ్లు లేవమన్నారు. ఆమె లేచి, చేతులు జోడించి నమస్కారం పెట్టింది.