'వి'తో రాసిన ఉమ్మడి

నేను ఒక ఫోల్డర్‌ని. విజయవాడలో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులో, పైథాన్ భాషలో రాసిన వేలకొద్దీ ఫైళ్ల మధ్య పుట్టాను. అందరికీ పనికొచ్చే కోడ్ ఒక్కచోటే ఉండాలని పెద్ద ఇంజనీరు ఖాదర్ వలీ ఏనాడో ఒక ఫోల్డర్ పెట్టి, ఇంగ్లిషు అక్షరాల్లో, 'యు'తో మొదలుపెట్టి 'ఉమ్మడి' అని పేరు రాశాడు. అది నేను కాదు.

రెండేళ్ల కిందట కొత్తగా చేరిన తారకేశ్వరి దానికోసం 'వి'తో వెతికింది. ఆమె ఇంటిపేరు వుయ్యూరు. పదో తరగతి సర్టిఫికెట్ నుంచి 'వి'తోనే రాస్తుంది. దొరకలేదు. అడిగితే నామోషీ అనుకుందేమో, పాత ప్రాజెక్టులోంచి మందు మోతాదు లెక్కగట్టే కోడ్ తెచ్చి, 'వి'తో అదే పేరు పెట్టి నన్ను తయారుచేసింది. పదిహేడు ప్రోగ్రాములు నన్నే అడగడం మొదలుపెట్టాయి. నేనూ తెగ మురిసిపోయాను.

మొన్న సోమవారం డాక్టర్లు ఒక మందుకు నియమం మార్చారు: నెల నిండని పిల్లలకు సగం మోతాదే. ఖాదర్ వలీ ఆ మార్పు తన ఉమ్మడిలో చేశాడు. నేనొకదాన్ని ఉన్నానని ఆయనకు తెలియదు. నేను పాత పాఠమే అప్పజెబుతున్నాను.

మర్నాడు ఉదయం ఒక ఆసుపత్రి పిల్లల వార్డు నుంచి నర్సు సువార్త ఫోన్ చేసింది.

"పన్నెండు రోజుల పసిగుడ్డండీ. పదకొండింటికి సూది వెయ్యాలి. డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు. సగమని నిన్న చెవినబడింది, మీ కంప్యూటరేమో పాతదే చూపిస్తంది. నేనైతే వెయ్యను. తొందరగా తేల్చండి."

అప్పటికి పదీ నలభై. ఖాదర్ వలీ ఉమ్మడి తెరిచాడు. "సగమనే ఉందే! కరెక్టే గదా!" అంటూ మళ్లీ మళ్లీ చదివాడు. జాబితాలో సరిగ్గా దాని కిందే ఉన్నాను నేను. ఆయన చూపు నా మీదుగా జారిపోయింది. నాకు భయమేసింది.

తారకేశ్వరి మాత్రం నన్ను చూసింది. చెబితే రెండేళ్ల తప్పు పదిమందిలో బయటపడుతుంది. పదీ నలభై ఎనిమిది.

"సార్," అంది. "దాని కిందది చూడండి. 'వి'తో ఉంది. నేనే చేశా."

"తిట్లు తర్వాతమ్మా. ముందు వార్డుది మార్చు."

ఆమె వార్డు ప్రోగ్రాములో నా పేరు కొట్టేసి 'యు'తో ఉన్న ఉమ్మడి పేరు రాసింది. ఆయన పక్కన నిలబడి అక్షరం అక్షరం సరిచూశాడు. పదీ యాభై ఆరు.

"ఇప్పుడెంతండీ?" అని ఫోన్‌లో అడిగింది తారకేశ్వరి.

"సగం చూపిస్తందమ్మా. ఏస్తన్నా," అంది సువార్త.

సాయంత్రానికి మిగతా పదహారు ప్రోగ్రాములూ ఉమ్మడికి మారాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటూ ఖాదర్ వలీ నన్ను తీసేయించాడు. ఇప్పుడు ఆఫీసువాళ్లు దాచిపెట్టే పాత కూర్పుల్లో పడి ఉన్నాను. ఎవరూ ఏమీ అడగరు. అంతమంది అడిగిన రోజుల్లో నన్ను నమ్మనిది ఆ నర్సు ఒక్కతే. ఆవిడకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. చేతుల్లేవు.