గుమ్మడికాయ కొట్టిన పూట

మా ఆయన హిమాలయాలకు ఎన్నిసార్లు వెళ్లొచ్చాడో ఆయనకే గుర్తులేదు. అక్కడ ఏముంటుందని అడిగితే మాత్రం చెప్పేది ఒక్కటే. "చాయ్ జల్ది సల్లారిపోతది." ఆయన పేరు జంగయ్య, సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్. అంటే హీరోగారు మంచుకొండ మీద పాట పాడుకుంటుంటే, కింద యూనిట్‌లో అందరికీ ఇడ్లీలు అందాయా లేదా అని చూసే మనిషి. కొండల వైపు వీపు పెట్టి, ఇడ్లీపాత్రల వైపు ముఖం పెట్టి ఉద్యోగమంతా వెళ్లదీశాడు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. ఆఖరి లైట్‌బాయ్ తినేదాకా ప్రొడక్షన్ మేనేజర్ తినకూడదు. మంచి పద్ధతే, కాదనను. కానీ అది ఆయన వెంటబడి ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటిదాకా వచ్చేసింది. నేను తింటుంటే వంటింటి గుమ్మంలో నిలబడి "ఇంకేమన్న కావాల్నా అనసూయా" అంటాడు. నేను లేచాక గట్టు దగ్గర నిలబడి, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని నాలుగు ముద్దలు మింగుతాడు. పెళ్లినాడు కూడా పక్కన కూర్చోలేదు. బంతిలో పప్పు అందడం లేదని లేచిపోయాడు.

ఇక సినిమాలు చాలు, ఇంట్లో ఉంటానని నాకు మాటిచ్చాక, జూబ్లీ హిల్స్‌లో ఆఫీసున్న నిర్మాత కాశీవిశ్వనాథంగారు పిలిచి, ఏడాది సాగే పెద్ద సినిమా ఒకటి అప్పజెబుతానన్నాడు. ఈయన ఆలోచించి చెబుతానన్నాడు. ఆలోచించి అంటే ఒప్పుకున్నట్టే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సరిగ్గా అప్పుడే మోతీనగర్ నుంచి మార్తమ్మ వచ్చింది. తను సినిమాల్లో హెయిర్‌డ్రెస్సర్, నాకు ఆడబిడ్డతో సమానం. సినిమావాళ్లం కొందరం కలిసి చలికాలంలో హిమాలయాల్లోని కుమావూ కొండల్లో తేలికపాటి ట్రెక్కింగ్‌కు వెళ్దామంది. పల్లె నుంచి పల్లెకు నడక, గుళ్లూ పాత ఇళ్లూ చూడడం, ఊరివాళ్ల ఇళ్లలోనే బస.

"మోకాళ్లుంటే చాలు వదినా, ఎవరైనా నడవచ్చంట" అంది.

ఆ రాత్రే ఆయనకు నా షరతు చెప్పాను. "ఈ యాత్రల ఒక్క పూట నా పక్కన కూసొని తిను. తిన్నవంటే ఏ సినిమాకన్న పో, నేను అడ్డం రాను. తినలేదంటే ఆ కాశీవిశ్వనాథానికి ఫోన్ చేసి నేనే వద్దని చెప్త."

"గింతేనా" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇంకా మండింది.

ప్రయాణానికి ముందు కేబీఆర్ పార్కులో నడక సాధన చేశాం. ఆయన నడవలేదు. మేమంతా వచ్చామా లేదా అని గేటు దగ్గర నిలబడి చూశాడు.

కొండల్లోనూ అదే వరస. నడక మొదలుపెట్టేముందు షూటింగ్‌కు కొట్టినట్టే కొబ్బరికాయ కొట్టాడు. మా గైడు దీప, ఆ ఊళ్ల పిల్లే, అది పూజ అనుకుని చెప్పులు విప్పి దండం పెట్టింది. దారి పొడవునా మంచు మీంచి వచ్చే చల్లగాలి, కాయలతో వంగిన నారింజచెట్లు, పలకరాళ్ల కప్పుల మీంచి పొగ. నాకైతే ఊరికే నవ్వొచ్చేసేది. మార్తమ్మా నేనూ కారణం లేకుండా పడీపడీ నవ్వుకుంటూ నడిచాం. గంటలు కట్టిన గుడి ఒకటి చూశాం. కోరిక తీరినవాళ్లంతా వచ్చి గంట కడతారట, గోడ కనిపించనన్ని గంటలు. నేను కూడా ఒకటి కొట్టి, ఒక్క పూట, ఒక్క పూట అని మొక్కుకున్నాను. ఈయన మాత్రం పైకి చూసి "గీడ షూటింగ్ పెడితే సౌండోళ్లు సస్తరు" అన్నాడు.

ఒకచోట మేం ఫొటో దిగుతుంటే తలమీద గడ్డిమోపుతో ఒక ముసలమ్మ వస్తోంది. ఈయన చెయ్యి అడ్డంపెట్టి "జర ఆగమ్మా, షాట్ నడుస్తుంది" అన్నాడు. ఆవిడ ఆగలేదు. మోపుతో సహా వచ్చింది, ఆయన పక్కనున్న కాలవలో కూర్చున్నాడు. దీప నవ్వీ నవ్వీ రాతిమీద చతికిలబడింది.

ఇన్ని నవ్వుల మధ్యా ప్రతి పూటా అదే తంతు. పళ్లేలు వచ్చేసరికి ఆయన లేచి నిలబడతాడు. "మార్తమ్మకు నెయ్యి పడ్డదా? దీప తిన్నదా?" నేను తలొంచుకుని తినేదాన్ని. గెలుస్తున్నాననే సంతోషం ఎంతమాత్రం లేదు. ఓడిపోవాలని ఎంత ఆశపడ్డానో ఆ దేవుడికే తెలుసు.

ఆఖరి మజిలీ హంసా దీదీ ఇల్లు. చెక్కిన గుమ్మం, ముందు రాతి వాకిలి, కప్పు మీద వరసగా ఎండుతున్న బూడిద గుమ్మడికాయలు. పొద్దున్నే దీదీ మా ఆయన్ని పిలిచింది. పొడుగు మనిషి కదా, కప్పు మీది పెద్దకాయ దించమని సైగ చేసి లోపలికి వెళ్లింది.

సినిమావాళ్లకు కొబ్బరికాయ కొడితే షూటింగ్ మొదలు, గుమ్మడికాయ కొడితే ముగింపు. ఆఖరిరోజు చేతికి గుమ్మడికాయ వస్తే మా ఆయనకు తెలిసిన పని ఒక్కటే. మార్తమ్మే ఏర్పాటు చేసిందనుకున్నాడట. సంచిలోంచి కర్పూరం తీశాడు. మమ్మల్నందర్నీ గుమ్మం ముందు నిలబెట్టాడు. కాయ మీద కర్పూరం వెలిగించి, మా చుట్టూ, ఇంటి చుట్టూ, కట్టేసిన ఆవు చుట్టూ తిప్పి, రాతి వాకిట్లో ఎత్తి కొట్టాడు. కాయ ముక్కచెక్కలైంది. "ప్యాకప్" అని కేకపెట్టాడు. మేం చప్పట్లు కొట్టాం.

అప్పుడు హంసా దీదీ బయటికి వచ్చింది. ఆవిడ చేతిలో గిన్నె. గిన్నెలో రాత్రంతా నానిన మినప్పప్పు.

ఆ పప్పు చూడగానే నా చప్పట్లు ఆగిపోయాయి. మినప్పప్పు, బూడిద గుమ్మడికాయ. తెలుగింటి ఆడదానికి ఇంకేం చెప్పాలి? వడియాలు. ఈ కొండల్లోనూ పెడతారన్నమాట. చలికాలమంతా తినాల్సిన వడియాల కాయను ఆవిడ గుమ్మంలోనే పగలగొట్టి, పైగా పండగ చేసుకున్నాం.

దీదీ ముక్కల్ని చూసింది, పొగచూరిన మా ఆయన ముఖం చూసింది. దీపను మెల్లగా ఏదో అడిగింది. దీప మాకు హిందీలో చెప్పింది, "మా మీద ఆయనకు కోపమెందుకొచ్చింది అంటోంది."

మా ఆయన ముఖంలో నెత్తుటిచుక్క లేదు. అలవాటుకొద్దీ ఫోన్ తీశాడు, ఇంకో కాయ తెప్పిద్దామని. సిగ్నల్ లేదు. ఇక నేనే ముందుకొచ్చాను.

"కోపం గాదని చెప్పు దీపా. మీ ఇంటికి దిష్టి తీసిండు."

దిష్టి అనేది ఏ భాషలో చెప్పినా తెలిసేదే. దీదీ ముఖం విప్పారింది. "మా ఆవుకు కూడానా" అని అడిగిందట. ఆవుకు కూడా అన్నాం. ఆవిడ పకపకా నవ్వి, లోపలినుంచి తురుముకోల తెచ్చి మా ఆయన చేతిలో పెట్టింది. దిష్టి తీసినవాడే తురమాలట.

మార్తమ్మ ముక్కలు ఏరి కడిగింది, నేను పప్పు రుబ్బాను, ఆయన నేలమీద బాసింపట్టు వేసి తురిమాడు. నేలమీద కూర్చున్నందుకేమో, తలెత్తితే ఎదురుగా తెల్లటి కొండలు కనబడ్డాయి. చాలాసేపు చూశాడు.

"ఇవి రోజూ గీడనే ఉంటయా" అన్నాడు.

"ఉంటయి. నువ్వు ఇడ్లీలు చూసుకునేటప్పుడు గూడ ఉన్నయి" అన్నాను.

వడియాలు పెట్టడం అయ్యాక దీదీ అందరికీ రాగిరొట్టె, ఉలవపప్పు వడ్డించింది. ఆయన మామూలుగానే గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ ముద్ద ఎత్తలేదు. దీప చెప్పింది, వడియాల పిండిలో చెయ్యిపెట్టిన వాళ్లంతా ఒకే వరసలో కూర్చోవాలట. ఒక్కరు నిలబడినా మిగతావాళ్లు పళ్లెం ముట్టకూడదు.

"మీరు తినున్రి, నేను తర్వాత తింట" అన్నాడు ఆయన. దీదీ పళ్లెం ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. మార్తమ్మ కడుపు గుర్రుమంది.

"కూర్చోండి అన్నయ్యగారూ, ఆకలికి చచ్చిపోతున్నాం" అంది.

తనవల్ల యూనిట్ ఆకలితో కూర్చోవడమా. మా ఆయన ప్రాణం అదొక్కటి తట్టుకోదు. గబగబా వచ్చి కూర్చున్నాడు. ఖాళీ ఉన్నది నా పక్కనే.

రొట్టె తుంచాడు. ఆయన మోచెయ్యి నా మోచేతికి తగిలింది. ఇంత వయసొచ్చి, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడ్డాను. మరుక్షణం ఏడుపొచ్చింది. గుడిలో అడిగింది దొరికింది, దొరికిన నిమిషంలోనే ఆయన్ని పోగొట్టుకున్నాను. మాట మాటే కదా.

"గెలిచినవ్ తియ్యి. ఇగ ఏ సినిమాకన్న పో" అన్నాను, కష్టంగానే.

ఆయన నమిలాడు. "ఇంటికాడ నువ్వు ఎవరితోని తింటవ్" అన్నాడు.

"టీవీతోని."

మిగిలిన ముక్క పప్పులో అద్దుకుని తిన్నాడు. తర్వాత "ఒక్క పూట అన్నవ్ గదా. ఈ పూట కానియ్యి ముందు" అని, దీదీ వైపు పళ్లెం చాపి ఇంకో రొట్టె అడిగాడు.

హైదరాబాద్ వచ్చిన మర్నాడు మధ్యాహ్నం కాశీవిశ్వనాథంగారి ఫోన్. ఈయన నా పక్క కుర్చీలో ఉన్నాడు. చెయ్యి ఎంగిలి కదా, స్పీకర్ పెట్టమన్నాడు.

"ఏమయ్యా జంగయ్యా, ఆలోచించావా?"

"తింటున్నం సార్. ఈ పూట అయినంక చెప్త."

"ఎంతసేపవుతుందయ్యా?"

ఆయన నా వైపు చూశాడు. నేను గిన్నె దగ్గరికి లాక్కుని, ఆయన కంచంలో ఇంకింత అన్నం పెట్టాను.

"ఇప్పట్ల అయ్యేటట్టు లేదు సార్" అన్నాడు.