ఎలుకలకు మేనరికం

వాగు పొంగి రామన్నపేట తొవ్వ కోసుకుపోయిన ఏటికి మూడో ఏడు అది. నల్గొండలో ఒక దవాఖాన వెనక రేకుల గదిలో జానయ్య తెల్ల చిట్టెలుకలను సాకేవాడు.

రెండు వరుసల గూళ్లు. ఒక వరుసవాటికి ఎర్ర కళ్లు, రెండో వరుసవాటికి నల్ల కళ్లు. ఒళ్లు అన్నిటికీ తెలుపే. డాక్టర్ రఘుపతి పెట్టిన కట్టడి ఒకటే: ఒక్క ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్లనే జతకట్టాలి, వరుసలు కలవకూడదు.

"గట్లయితేనే అన్నీ ఒక్క అచ్చుల పోసినట్టు పుడతయి జానయ్యా. అప్పుడే మందు గుణం తెలుస్తది" అనేవాడు.

తొమ్మిది తరాలు అట్లాగే నడిచాయి. జత వదిలిన ప్రతిసారీ జానయ్య ముఖం తిప్పుకునేవాడు. తోడబుట్టినవాళ్లను జతచేసిన చేతితో అన్నం ఎట్లా తినడం? పదో తరానికి మనసు ఒప్పలేదు. మొదటి ఎలుకలు పట్నం నుంచి ఒక్క పెట్టెలోనే వచ్చాయి. ఎర్రకళ్ల తల్లి అక్క అనుకుంటే నల్లకళ్ల తండ్రి తమ్ముడు. అయితే వాటి పిల్లలు బావామరదళ్లు. వరస కుదిరింది. మూడు ఎర్రకళ్ల ఆడవాటి గూళ్లలో నల్లకళ్ల మగవాటిని వదిలాడు. తెలుపుకు తెలుపే పుడుతుంది, ఎవరికి తెలుస్తుంది?

మూడు వారాలకు ఒకటి ఈనింది. ఈనిన గూటిని ఐదు రోజులు కదపకూడదు. ఆరో రోజు సాయంత్రం దూది ఎత్తి చూశాడు. ఏడు పిల్లలు. ఏడూ నలుపే. తడిగుడ్డతో తుడిచి చూశాడు. పోలేదు.

ఇంటికొచ్చి చెబితే భార్య బిక్షమ్మ ముందు నవ్వింది.

"ఎలుకలకు మేనరికం జేసినవా? పెండ్లికి నన్ను పిలువకపోతివి!"

"నవ్వకే. పొద్దుగాల్ల పట్నం నుంచి పెద్ద డాక్టర్ ఎలుకలను తీస్కపోను వస్తుండు."

ఆమె నవ్వు ఆగింది. "కొలువు పోతే దవాఖానోల్లిచ్చిన గీ అర్ర ఖాళీ జెయ్యాలె. ఏడికి పోదమయ్యా? గా పిల్లలను పిల్లి ముంగట పడెయ్. తల్లే తిన్నదని చెప్పు."

"ఇంకో రెండు చూలుతోటి ఉన్నయి. పట్నం పోయేది అవ్వే."

"పోనీ. ఆడ ఈనితే నీకేంది?"

జానయ్యకు డాక్టర్ మాట గుర్తొచ్చింది. మందు గుణం ఆ కలగలిసిన పిల్లల మీదే చూస్తారు, లెక్క తప్పుతుంది. తర్వాత మనుషులకు పోస్తారు. గంజి గిన్నె పక్కకు జరిపి లేచాడు.

మర్నాడు పొద్దున డాక్టర్లు రాకముందే ఏడు నల్ల పిల్లల గూటిని మోసుకెళ్లి రఘుపతి బల్ల మీద పెట్టాడు. పక్కనే చూలు ఎలుకల గూళ్లు రెండూ పెట్టాడు. రేకుల గది తాళంచెవి వాటి ముందుంచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.