బిగిసిన స్టీరింగు

మా ట్రాక్టరు స్టీరింగుకి నాలుగు వేళ్ల లూజు ఉండేది. అంతమేర తిప్పాక గానీ ముందు టైర్లు కదిలేవి కావు. ఆర్నెల్ల కిందట నాన్న పక్షవాతంతో మంచం పట్టాక బండి అన్నయ్య చేతికొచ్చింది. వారం రోజులుగా కాలువగట్టు మీద అది కుడికి లాగుతోందని చెప్పి చెప్పి, చివరికి మెకానిక్‌ను పిలిపించాడు.

మెకానిక్ ముందు ఇరుసును జాకీ మీద లేపి, టైరును రెండు చేతులతో పట్టి ఊపాడు. టక్కు టక్కుమంది.

"బండిని నువ్వు నడుపుతున్నావా, అదే నిన్ను నడుపుతోందా?"

"పెళ్లయినవాణ్ణి బాబాయ్. నాకు అలవాటే."

"వింటున్నాను," అంది వదిన వంటింట్లోంచి.

మెకానిక్ నవ్వుతూనే పిన్ను లాగి, నట్టు విప్పి, సుత్తితో పక్కనుంచి రెండు దెబ్బలేశాడు. బాల్ జాయింటు ఊడింది. దాన్ని రెండు టైర్లనూ కలిపే రాడ్డులోంచి తీస్తూ చుట్లు లెక్కపెట్టాడు. పాతది ఎన్ని చుట్లకు ఊడితే కొత్తది అన్ని చుట్లే ఎక్కించాలట. లేకపోతే టైర్లు తలో దిక్కూ చూస్తాయట.

తర్వాత రాడ్డునే తీసి నేల మీద పెట్టాడు. ఇక ఒక టైరుకీ ఇంకోదానికీ సంబంధం లేదు. అయినా రెండూ ఒకేసారి, ఒకే మేర, మెల్లగా కుడికి తిరిగాయి.

"గాలి," అన్నాడు మెకానిక్. తాడు మీది బట్టలు కదలడం లేదు.

నాన్నకు నీళ్లు పట్టడానికి లోపలికెళ్లాను. ఆర్నెల్లుగా కదలని చేతులు దుప్పటి మీద దేన్నో పట్టుకున్నట్టు వంగి, కుడికి ఒరిగి ఉన్నాయి. వాటిని తిన్నగా సర్దాను.

"ఎవరయ్యా టైర్లు ముట్టుకుంది?" బయట మెకానిక్ గొంతు. "మళ్లీ తిన్నగా అయ్యాయి."

చెబితే నవ్వుతారని ఊరుకున్నాను. మధ్యాహ్నానికి కొత్త జాయింట్లు ఎక్కాయి.

"వెంట్రుకంత లూజు కూడా లేదు," అన్నాడు మెకానిక్. "వేలు ఆనిస్తే తిరుగుతుంది."

అప్పుడు తట్టింది నాకు. నాన్న చేతులు తిప్పినా, ఇన్నాళ్లూ అన్నయ్యను కాచింది ఆ నాలుగు వేళ్ల లూజే. అప్పటికే బండెక్కి కదిలించిన అన్నయ్యను ఆగమని అరిచాను. ఇంజను మోతలో వినపడలేదు. బండి గట్టు వైపు మలుపు తిరిగింది.

నాన్న దగ్గరికి పరుగెత్తాను. వీధిలోని ప్రతి గతుకుకీ ఆయన చేతులు అదురుతున్నాయి. కాసేపటికి అదురు తగ్గింది. అంటే బండి వీధి దాటి కాలువగట్టు మీదికెక్కింది. చేతులు కుడికి తిరగసాగాయి. మణికట్లు పట్టుకుని బరువంతా వేశాను. ఆగలేదు.

గట్టు మధ్యలో కుడివైపు చిన్న వంతెన ఉండేది. నాన్న జీవితమంతా అక్కడే మలుపు తిప్పాడు. పోయిన వారం వరదకు అది కొట్టుకుపోయింది. జబ్బు మనిషి బెంగపడతాడని ఆయనకు ఎవరమూ చెప్పలేదు.

"నాన్నా, వంతెన లేదు," అన్నాను ఆయన చెవిలో. "వరదకు పోయింది. నీ దగ్గర దాచాం. తిన్నగా పోనీ నాన్నా, బండి మీద అన్నయ్య ఉన్నాడు."

చేతులు ఆగాయి. తర్వాత ఒక్కొక్క వేలూ వదులై, చేతులు తిన్నగా మధ్యకు వచ్చాయి. దూరంగా ఇంజను చప్పుడు తెగకుండా సాగిపోతోంది.

అన్నయ్య తిరిగొచ్చి వాకిట్లో బండి ఆపేదాకా నేను ఆ మణికట్లు వదల్లేదు. ఇంజను ఆగాక కూడా అవి నా గుప్పిళ్లలో చాలాసేపు సన్నగా అదురుతూనే ఉన్నాయి.