సీమపట్టు అంచు

పిఠాపురం సాలీల పేటలో పడుగు సరిచేయడంలో వీరమ్మకు సాటి లేదు. మగ్గం మీద కూర్చునేది భర్త వెంకన్న. వీధిలో ఆ నిలువు పోగుల నూలు చాచి, గంజి పెట్టి, ఆరబెట్టేది ఆమె. ఎవరి పడుగు తెగుతున్నా ఆమెనే పిలిచేవారు.

1908 వేసవిలో షావుకారు పెద్దిరాజు కాకినాడ రేవు నుంచి కొత్త దారం తెచ్చాడు. పట్టుపురుగు ఇచ్చింది కాదు, దొరల సీమలో కర్రగుజ్జు కరిగించి యంత్రాలతో తీసిన పట్టు. చీర అంచులకు దాన్నే వాడమన్నాడు.

మొదటి పడుగు గంజి తగలగానే పుటుక్కున తెగింది. వీరమ్మ ఇరవై రోజులు ఆ దారంతో కుస్తీ పట్టింది. తడిస్తే దాని బలం పోతుంది, కానీ బాగా సాగుతుంది. కాస్త చెమ్మ చేసి, మూరకు వేలి మందం మాత్రమే లాగి, ఆ బిగువు మీదే నీడన ఆరనిస్తే, లోపలి పోగులన్నీ ఒక వరసకు వచ్చినట్టు దారం గట్టిపడుతుంది. మెరుపూ పెరుగుతుంది.

పెద్దిరాజు వచ్చి చూశాడు.

"ఇంకా లాగితే ఇంకా పొడుగొస్తుంది గదా వీరమ్మా?"

"వస్తుందండి. ఇంకా మెరుస్తుంది కూడానండి. కానీ దాంట్లో సాగే గుణం చచ్చిపోతుందండి. తరవాత నీళ్ళు తగిలితే వెనక్కి ముడుచుకుపోతుంది."

"ఉతుక్కునేది కొన్నవాళ్ళు గదా!" అని నవ్వి, వెంకన్న వైపు తిరిగాడు. "మూరకు నాలుగు వేళ్ళు లాగాలి. కుదరదంటే దారం వేరే ఇంటికి పంపుతాను."

"వద్దయ్యా," అంది వీరమ్మ భర్తతో.

వెంకన్న ఆమెను పక్కకు జరిపి తనే లాగాడు.

చీరలు తళతళలాడాయి, పది రోజుల్లో అమ్ముడుపోయాయి. మొదటి ఉతుకులోనే అంచులు కుంచించుకుపోయి చీరంతా ముడతలు పడింది. చేత్తో సాగదీస్తే అంచు పటపట చిట్లింది. పాపాయి అనే రైతుబిడ్డ తన పెళ్ళిచీర తెచ్చి వాళ్ళ అరుగు మీద విసిరికొట్టి ఏడ్చింది.

కులపెద్దలు పంచాయితీకి కూర్చున్నారు.

"పడుగు చేసింది ఆవిడేనండి, తప్పూ ఆవిడదే," అన్నాడు పెద్దిరాజు.

"ఏం వెంకన్నా, నిజమేనా?" అని అడిగాడు ఒక పెద్ద.

వెంకన్న తల ఎత్తలేదు. "అవునండి. నేను చెబితే వినలేదండి."

పేటలో ఏ పడుగూ ఆమె ముట్టుకోకూడదని పెద్దలు తీర్పు చెప్పారు.

ఆమె రైతుల ఇళ్ళలో వడ్లు దంచడానికి పోతోంది. చీరలు తిరిగొచ్చాక షావుకారూ దిగిరావడంతో వెంకన్న ఇప్పుడు మూరకు వేలి మందమే లాగుతున్నాడు. అతని అంచులు ఎన్ని ఉతుకులకైనా నిలుస్తున్నాయి. చుట్టుపక్కల సాలీలు వచ్చి అతని దగ్గర ఆ పని నేర్చుకుపోతున్నారు.

ఒక పొద్దున్న అతనే అన్నాడు. "ఆరోజు పెద్దల ముందు నిజం చెబితే షావుకారిచ్చే దారం పోయేది వీరమ్మా."

"దారం ఒక్కటే పోయేది," అని వీరమ్మ చేట తీసుకుని పనికి వెళ్ళిపోయింది.