ఇంట్లో మిరపకాయ లేదు

మధ్యాహ్నమయ్యేసరికి కల్లంలో పట్టా కింద నీడ జానెడే మిగిలింది. ఎర్రటి కుప్ప ముందు కూర్చుని తాలుకాయలు ఏరుతున్న ఫిలోమినా మళ్లీ దగ్గింది. ఎనిమిదో నెల. దగ్గినప్పుడల్లా ఒక చేయి నేలకు ఆనించి, ఇంకో చేత్తో పొట్ట పట్టుకుంటోంది.

"ఘాటే తల్లీ. మూతికి గుడ్డ కట్టుకో," అంది మార్తమ్మ తలెత్తకుండానే. ఆమె ఫిలోమినాకు అత్త, ఈ ఆడకూలీల ముఠాకు మేస్త్రి.

నెల్లాళ్లుగా మార్తమ్మ దగ్గర అన్నిటికీ జవాబుంది. కోడలి కాళ్లు ఉబ్బితే, పొద్దస్తమానం కింద కూర్చుంటే ఉబ్బవా అంది. తలనొప్పంటే, రెంటచింతల ఎండకు ఎవరి తల నొయ్యదని నవ్వింది. ఇక దగ్గంటావా, మిరప కల్లంలో దగ్గని మనిషెవరు?

మొన్న నర్సు ప్రేమలత పట్టీ కట్టి చూసి, "బీపీ చానా ఉంది పెద్దమ్మా. గుండె మోయలేదు. ఇయ్యాలే మాచర్ల పెద్దాసుపత్రికి తీసకపో," అని మొత్తుకుంది. సరుకు సగంలో వదిలిపోతే రైతు వచ్చే ఏడు వేరే ముఠాని పిలుస్తాడు. లారీ ఎత్తినాక పోదాంలే అనుకుంది మార్తమ్మ. కోడలంటే కిట్టక కాదు. తనూ నెలలు నిండేదాకా కాయ కోసిన మనిషే.

"అత్తా, కళ్లు మసకలేస్తన్నాయి. తాలేదో మంచిదేదో ఆనటంలా."

"రాత్రి సరిగ్గా పడుకున్నావంటే గదా!"

"పడుకుంటే ఊపిరాడదు. నీళ్లలో ముంచినట్టుంటది. గోడకానుకొని కూసుంటన్నా." ఫిలోమినా ఆగి గాలి పీల్చుకుంది. "మనింట్లో మిరపకాయ లేదు గదత్తా. ఆడ దగ్గెందుకొస్తంది?"

మార్తమ్మ చెయ్యి కుప్పమీదే ఆగిపోయింది. తలెత్తి కోడలి ముఖం చూసింది. రెప్పలు ఉబ్బి ఉన్నాయి. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

"ఒరేయ్ ఏసోబూ, ఆటో తియ్యి."

కాటా దగ్గరున్న రైతు వెంకటాద్రి ఇటు తిరిగాడు. "ఏంది మార్తమ్మా, లారీ వచ్చే యాళకి! ఆ పిల్లని కాసేపు పడుకోబెట్టు, అదే సర్దుకుంటది."

"పడుకోబెడితే పోయిద్ది."

"నువ్వు కనలా, నీ అమ్మ కనలా? ఇప్పుడు పోయావంటే మళ్లా నా కల్లం తొక్కమాక."

కూలీల్ని కల్లానికి తోలుకొచ్చే ఏసోబు ఆటో తాళం పట్టుకుని రైతు వంక చూశాడు. ఆటో బాడుగ ఇచ్చేది ఆయనే.

మార్తమ్మ ఒళ్లోని కాయలు దులుపుకుని లేచింది. "తొక్కను. ఏరను. నువ్వు తియ్యరా ఆటో, బాడుగ నాది. ఏమే, చూస్తారేంది, రెక్క పట్టండి."

ఇద్దరు లేచారు. తక్కినవాళ్లు కూర్చున్నచోటే ఉన్నారు గానీ ఎవరి చెయ్యీ కుప్పమీదికి పోలేదు.

"కానియ్యండమ్మా," అన్నాడు వెంకటాద్రి. రెండోసారి అన్నాడు.

ఆటోలో మార్తమ్మ కోడల్ని పడుకోనివ్వలేదు. వెనక కూర్చుని ఆమె వీపుని రొమ్ముకు ఆనించుకుంది. మాచర్ల రోడ్డు ఎండకు ఊగుతోంది. ఫిలోమినా నుదుటి చెమట కళ్లలోకి దిగుతోంది. తుడవబోయి మార్తమ్మ తన అరచేతుల్ని చూసుకుంది. ఎర్రగా, మండుతూ ఉన్నాయి. చేతులు వెనక్కి తీసుకుంది.

తన రొమ్ము మీద ఆ వీపు లేస్తోందో లేదో తెలియడానికి, తన ఊపిరి బిగబట్టింది.